కంటి సంతకం

మేకుకి తగిలించిన ఏప్రన్ నిన్న సాయంత్రం నుంచీ అక్కడే ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు.

మామూలుగా అయితే ఉదయం ఏడింటికల్లా అది దీపాల మాస్టారి ఒంటి మీద ఉండాలి. జేబులో సన్న స్క్రూడ్రైవరు, చెవి మీద పెన్సిలు, గొంతులో ఏదో కూనిరాగం. ఈ రోజు ఆయన బల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చున్నారు. కూతురిలా చూసుకున్న కోడలు, బయటివాడైన యాపిల్ గోదాము మనిషి ముందు, "లోపం కెమెరాది కాదండీ, మా దీపానిదే, నీలం ఎక్కువైంది" అని నిన్న అనేసింది. అంతే, అప్పటి నుంచీ ఆ మనిషికి ఉలుకూ లేదు పలుకూ లేదు.

"నాన్నా, గుడ్డు చల్లారిపోతోంది," అన్నాడు కొడుకు.

"చల్లారనీ," అని గోడకి జవాబిచ్చారు మాస్టారు. "ఈ ఇంట్లో అన్నీ కొలిచేవాళ్లున్నారుగా. ఎంత చల్లారిందో కూడా కొలిచి చెబుతారు."

కోడలు తలెత్తలేదు. ఆమె కంచంలో రొట్టె ఎర్రగా ఉంది, గ్లాసులో పాలు ఎర్రగా ఉన్నాయి. కంగారు పడకండి. ఈ ఇంట్లో అది మామూలే.

కింద వర్క్‌షాపు, పైన కాపురం. కొత్తగా చేసిన ఎల్ఈడీ దీపాలని రెండు రోజులు ఆపకుండా వెలిగించి ఉంచాలి, వేడెక్కాక రంగు మారుతుందేమో చూడాలి. కింద చోటు చాలక ఆ దీపాల అర ఒకటి భోజనాల గదిలోకి వచ్చి చేరింది. అందుకని ఈ ఇంట్లో పాలు ఓ రోజు ఎర్రగా ఉంటాయి, ఓ రోజు ఆకుపచ్చగా ఉంటాయి. చుట్టాలొస్తే కాసేపు కళ్లు నులుముకుంటారు, తర్వాత అలవాటు పడతారు.

పెళ్లయి వచ్చిన మొదటి ఉదయం కోడలు ఆ వెలుతుర్లో తన చేతుల్ని తనే తిప్పి తిప్పి చూసుకుంటూ, పాలు తాగడం మరిచిపోయి అలా ఉండిపోయింది. మాస్టారికి ఆ ఒక్క చూపుతో ఆమె నచ్చేసింది. "చూడ్డం తెలిసిన పిల్లరా" అన్నారు కొడుకుతో. చూడ్డం తెలిసినందుకే ఇప్పుడు ఆయనకి కోపం.

"అసలు ఎందుకు కొలిచావ్?" మాస్టారు ఉన్నట్టుండి గోడని వదిలి ఇటు తిరిగారు. "నేను సంతకం పెట్టిన దీపాన్ని మళ్లీ కొలవాల్సిన పనేంటి?"

ఆ సంతకం సంగతి చెప్పాలి. వీళ్లు దీపాలు చేసేది కాయల్ని ఏరే మిషన్లలోని కెమెరాల కోసం, అందుకే ఆ దీపం ఒక్క రంగుది కాదు. ఒక్కో దాంట్లో పదకొండు రకాల ఎల్ఈడీలుంటాయి. ఒక చివర ఊదా, ఇంకో చివర ఎరుపు, ఆ ఎరుపు అవతల మనిషి కంటికి ఆనని వెలుతురు. వాటి పాళ్లు ముందు మీటరు చూపిస్తుంది. తర్వాత మాస్టారు చీకటి గదిలో తెర వేసుకుని, దీపం కింద తెల్ల పలక పెట్టి, కాసేపు దానివంక చూసి, స్క్రూడ్రైవరుతో ఒక వెంట్రుకవాసి అటో ఇటో తిప్పుతారు. "కుదిరింది" అంటారు. మూత లోపలివైపు పెన్సిలుతో పొట్టి సంతకం గీస్తారు. దాన్ని వర్క్‌షాపులో కంటి సంతకం అంటారు. ఇన్నేళ్లలో అది లేకుండా ఒక్క దీపం గడప దాటలేదు.

"యాపిల్ గోదామువాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు మామయ్యా. దెబ్బ తిన్న కాయలు మిషను దాటి వెళ్లిపోతున్నాయట. నేను చూడాలా వద్దా?"

"చూడు. నాకు చెప్పి చూడు. ఆ దొంగచూపు ఎందుకూ అంటున్నా."

"చెబితే ఒప్పుకునేవారా?"

ఒప్పుకునేవారు కాదని అందరికీ తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు.

"ఇంతకీ నీలం ఎక్కువైతే కాయకేంటి?" అన్నాడు కొడుకు. ఇతగాడు ఆర్డర్లు, ప్యాకింగులు చూసుకుంటాడు. దీపం లోపల ఏముందో అడిగితే దిక్కులు చూస్తాడు.

"కాయకేం కాదు, కెమెరాకి," అంది కోడలు. "తొక్క కింద తగిలిన దెబ్బ మనకి కనపడదు కదా. ఎరుపు దాటాక ఉండే వెలుతుర్లో కెమెరాకి మచ్చలా కనపడుతుంది. నీలం మరీ ఎక్కువైతే అది కళ్లు చికిలించుకుంటుంది. అప్పుడు ఆ చివరి వెలుతురు దానికి చాలదు. మచ్చ తప్పిపోతుంది."

"నాకు పాఠం చెబుతోంది చూడు," అన్నారు మాస్టారు. ఆ వాక్యం మొదట ఆమెకి చెప్పింది ఆయనే. చికిలించుకోవడం కూడా ఆయన మాటే.

కోడలు ఒళ్లో దాచుకున్న నోటుబుక్కు బల్ల మీద పెట్టింది. పెట్టకుండా ఉండాల్సింది. అంత చదువుకున్న పిల్లకి ఆ మాత్రం తోచలేదు.

"రెండేళ్ల కిందట మీరు సంతకం పెట్టిన దీపాల్లో నీలం సరిగ్గా ఉంది మామయ్యా. ఏడాది కిందట కొద్దిగా ఎక్కువ. మొన్నటివాటిలో ఒకటిన్నర రెట్లు."

"రెండేళ్ల కిందటా?" మాస్టారి గొంతు పలచబడింది. "అంటే రెండేళ్లుగా నా వెనకాల కొలుస్తున్నావా?"

"మీ చెయ్యి ఎటు తిరిగిందో నేర్చుకుందామని మొదలుపెట్టాను. మీ మీద అనుమానంతో కాదు."

"నా చేతిలో ఏ తేడా లేదు. ఇప్పుడొచ్చే నీలం ఎల్ఈడీల్లో పస లేదు. చూస్తే తెలియడం లేదూ, వెలవెలబోతున్నాయి? వాటికి నాలుగు చుట్లు ఎక్కువ తిప్పాల్సొస్తోంది."

"మీటరులో బాగానే ఉన్నాయి కదా..."

"మీటరు!" ఆయన లేచి నిలబడ్డారు. "నీ మీటరుతోనే పంపించుకోండి. నాలుగింటికి వ్యాను వస్తుంది, గోదాముకి వెళ్లే పన్నెండు దీపాలూ ఎక్కించుకోండి. నా సంతకం మాత్రం వాటిలో ఉండదు. ఇక ముందు కూడా ఉండదు."

మెట్లు దిగిన చప్పుడు. తర్వాత చీకటి గది తలుపు మూసిన చప్పుడు. గుడ్డు అలాగే ఉండిపోయింది.

*

"ఒక పని చేద్దాం," అన్నాడు కొడుకు, గొంతు తగ్గించి. "నేను బతిమాలి సంతకం పెట్టిస్తాను. పెట్టాక నువ్వు మెల్లిగా నీలం తగ్గించెయ్యి. ఆయనకి తెలియదు, గోదామువాళ్లకి తెలియదు. ఇల్లు చల్లగా ఉంటుంది."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది, ప్రతిసారీ అలాగే."

కోడలికి చిర్రెత్తుకొచ్చింది. "ఆయన్ని బొమ్మని చేసి కూర్చోబెడదామంటావా? సంతకం ఆయనది, దీపం నాది. రోజూ పొద్దున్నే 'కుదిరింది' అంటారు, నేను తలూపుతాను, వెనక్కి తిరిగి మార్చేస్తాను. నా వల్ల కాదు."

"పోనీ నువ్వే ఏదో ఒకటి చెప్పు."

"ఏం చెప్పాలో తెలిస్తే ఇక్కడెందుకు కూర్చుంటాను?"

ఆమె బాధ ఆయన కోపం గురించి కాదు. నోటుబుక్కులో ఆ కొలతలతో తను గీసిన గీత అంత నున్నగా, నెలనెలా కొంచెం కొంచెంగా ఎందుకు పెరిగిందో ఆమెకి అంతుపట్టడం లేదు. మొండితనమైతే ఓ రోజు ఎక్కువ, ఓ రోజు తక్కువ ఉండాలి. మొండివాళ్లు అంత క్రమంగా ఉండరు.

*

వెనక వరండాలో అత్తగారు బట్టలు మడతపెడుతున్నారు. ఇంట్లో పిడుగు పడినా ఆవిడ మడత చెదరదు. కోడలు పక్కన కూర్చుని ఓ తువ్వాలు అందుకుంది.

"ఏమంటున్నారు మీ మామయ్య?"

"తలుపు తియ్యలేదు అత్తయ్యా."

"తీస్తార్లే. పెళ్లయిన కొత్తలో నా మీద కూడా ఇలాగే అలిగేవారు. చీకటి గదిలోకెళ్లి కూర్చునేవారు. నేను వెళ్లి పలక పట్టుకునేదాన్ని, కోపం పోయేది." ఆవిడ నవ్వుకున్నారు. "ఎంత ఏడిపించేవారో తెలుసా? మీట నొక్కి 'వెలిగిందా?' అనేవారు. నాకేం కనపడేది కాదు. కనపడలేదంటే తెలివితక్కువదాన్ననుకుంటారని 'ఆ, వెలిగిందండీ' అనేదాన్ని. పడీ పడీ నవ్వేవారు. అది ఎరుపు అవతలి దీపమట, ఎవరికీ కనపడదట. నెల రోజులు ఆడుకున్నారు నాతో."

కోడలు కూడా నవ్వింది. నిన్నటి నుంచీ ఆమె నవ్వడం అదే.

అత్తగారు రెండు మేజోళ్లు తీసి, ఒకదానికొకటి ముడివేసి పక్కన పెట్టారు. ఇంకో రెండు తీశారు, ముడివేశారు.

"ముడి ఎందుకు అత్తయ్యా?"

"లేకపోతే ఒకటి నల్లది, ఒకటి నీలంది తొడుక్కుని తిరుగుతారు. నీలానికీ నలుపుకీ తేడా చూసుకోరు. చాదస్తం. మొన్న గోడలకి తెల్లరంగు వేయించామా, పసుపు వేశారేంటని ఆ పనివాళ్లతో గొడవ. నేనే సర్ది చెప్పాను."

కోడలి చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"ఎప్పటి నుంచి ఇలా?"

"ఏమో, రెండేళ్లవుతుందేమో. వీధి దీపాల చుట్టూ రంగురంగుల వలయాలు కనపడుతున్నాయని ఓ సాయంత్రం చెప్పారు. ఎంత బాగున్నాయో చూడు అని నన్ను బయటికి లాక్కెళ్లారు కూడా. నాకు మామూలు దీపాలే కనపడ్డాయి. సరేలే అని, బాగున్నాయన్నాను."

కోడలికి ఇప్పుడు అంతా అర్థమైంది, అర్థం కాకపోయినా బాగుండేది. నీలంలో పస తగ్గలేదు. దాన్ని చూసే కంట్లో పొర వస్తోంది. పసుపు అద్దం పెట్టుకున్నట్టు, నీలాన్నీ ఊదానీ అది లోపలికి రానివ్వడం లేదు. ఆయన చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు. లోపలికి ఎంత తగ్గిందో అంత తిప్పి, తన కంటికి తెలుపు తెలుపుగా కనపడేలా చేసుకుంది. అందుకే గీత అంత నున్నగా ఉంది.

"అత్తయ్యా, మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

అత్తగారు మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెట్టారు.

"ఆయన కళ్లనా?" అన్నారు చివరికి. "వాటిని అనుమానిస్తే ఆయనకింకేం మిగులుతుందే?"

ఆవిడకి తెలుసు. కొంచెమైనా తెలుసు. కోడలికి ఆ క్షణంలో ఆవిడ మీద కోపమూ వచ్చింది, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా లేచింది.

*

చీకటి గది తలుపు ముందు ఒక దీపం పట్టుకుని నిలబడింది.

"మామయ్యా, ఒక్క దీపానికి సంతకం కావాలి. తర్వాత మీ ఇష్టం."

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. పని అన్న మాట చెవిన పడితే ఆయన ఎంతసేపు అలగగలరు? గడియ తీశారు, కానీ ముఖం మాత్రం ఇంకా గంటు పెట్టుకునే ఉన్నారు.

"మీటరుతో అయిందా?"

"అయింది. మీ కన్ను కావాలి."

ఆ మాట అన్నాక ఆమె, తను అనుకున్నది తప్పని తేలాలని, కొలవడం రాని పిల్ల అని ఆయన చేత నాలుగు తిట్లు తినాలని, అప్పుడు ఎంత హాయిగా ఉంటుందోనని, నిజంగా మొక్కుకున్నంత గట్టిగా కోరుకుంది.

మాస్టారు తెర దించారు. దీపాన్ని స్టాండుకి బిగించి, చేతికి గ్లౌజు వేసుకుని తెల్ల పలక దాని కింద పెట్టారు. పలకని వట్టి చేత్తో ముట్టకూడదు. చేతి జిడ్డు మన కంటికి కనపడదు గానీ కెమెరాకి కనపడుతుంది. ఈ ఇంటికి వచ్చిన వారానికి ఆయన ఆమెకి నేర్పిన మొదటి పాఠం అదే. తర్వాత గ్లౌజు తీసి జేబులో పెట్టుకుని, ఎప్పటిలాగే కుర్చీలో వెనక్కి వాలారు.

"ఒక్కొక్క రంగూ వేరుగా వేస్తాను మామయ్యా. ఎలా ఉందో చెప్పండి."

"కొత్త పద్ధతా? కానీ."

మొదట ముదురు ఎరుపు. గదంతా నెమ్మదిగా ఎర్రబడింది. కళ్లు మూసుకుని ఎండకేసి ముఖం తిప్పితే లోపల కనపడే ఎరుపు అది.

"బాగుంది," అన్నారు మాస్టారు. "కుదురుగా ఉంది."

నారింజ. పసుపు. ఒక్కో రంగు రాగానే గోడలు దూరం జరిగినట్టూ మళ్లీ దగ్గరికి వచ్చినట్టూ ఉంది. ఆయన ముఖంలో బింకం సడలుతోంది. గొంతులో కూనిరాగం తిరిగొచ్చింది. కోడలికి ఆ రాగం అలాగే సాగితే చాలనిపించింది. ఇక్కడే ఆపేసి పైకి వెళ్లిపోతే ఎవరేం అంటారు?

ఆకుపచ్చ.

"ఆహా," అన్నారు. "చెరువు అడుగున కూర్చుని పైకి చూసినట్టుంది. నువ్వు ఎంత బాగా అతికించావే వీటిని! ఒక్కటీ వంకర లేదు." పలక మీంచి చూపు తిప్పకుండా, "నిన్నటి నుంచీ నేను నీతో అలా ఉండాల్సింది కాదు," అన్నారు.

ఆయన సారీ చెప్పే రకం కాదు. చెప్పక చెప్పక ఇప్పుడే చెప్పాలా?

నీలం వేసింది. ఆమె కళ్లకి అది నిండుగా, చల్లగా తగిలింది.

"చూశావా? ఇదే నేను మొత్తుకునేది. వెలవెలా పోతోంది. పెంచు."

పెంచింది. "ఇంకా," అన్నారు. ఇంకా పెంచింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వెలుతురు ఎక్కువై కొన్ని, మిగతావి అందుకు కాదు.

నీలం ఆపేసింది. కంటికి ఆనే రంగుల్లో మిగిలింది ఒక్కటే. చివరి మీట, ఊదాది. నొక్కింది.

ఊదా వెలుతురు పలక నిండా పరుచుకుంది. అక్కడి నుంచి ఒలికి బల్ల మీదికి, స్క్రూడ్రైవరు మీదికి, మాస్టారి నెరిసిన మీసం మీదికి పాకింది. గది గదిలా లేదు. కలలో ఎప్పుడో చూసి, లేచాక ఎవరికీ చెప్పలేని చోటులా ఉంది.

మాస్టారు పలకవంకే చూస్తూ ఓపికగా కూర్చున్నారు.

"వెయ్యమ్మా," అన్నారు.

కోడలు కదల్లేదు.

"ఏమైంది? మీట పనిచెయ్యడం లేదా?"

ఆమె ఒక్క చుట్టు పెంచింది. ఊదా ఇంకొంచెం చిక్కబడింది. ఆయన పొడుగాటి వేళ్లు, చెవి మీది పెన్సిలు, అన్నీ అందులో మునిగి ఉన్నాయి.

"ఓహో!" మాస్టారి ముఖం ఒక్కసారిగా విప్పారింది. "తెలిసింది, తెలిసింది. ఎరుపు అవతలిది వేశావు కదూ? మీ అత్తయ్య చెప్పేసిందా ఆ కథ? నా ఆట నా మీదే ఆడతావా గడుగ్గాయీ!"

అప్పుడే తెర కదిలింది. అత్తగారు టీ గ్లాసుతో లోపలికి అడుగుపెట్టి అక్కడే ఆగిపోయారు. గ్లాసు అంచు ఊదాగా మెరిసింది. ఆవిడ దీపంవంక చూశారు, తర్వాత కోడలివంక చూశారు, తర్వాత నవ్వుతున్న భర్త ముఖంలోకి చూశారు.

"నువ్వా? సరిగ్గా సమయానికొచ్చావ్," అన్నారు మాస్టారు అడుగుల చప్పుడుని బట్టి. "చెప్పు చూద్దాం. వెలిగిందా?"

అత్తగారు గ్లాసుని బల్ల మీద జాగ్రత్తగా పెట్టారు.

"వెలిగిందండీ," అన్నారు.

మాస్టారు పగలబడి నవ్వారు. "ముప్ఫై నాలుగేళ్లయినా నీ అబద్ధం మారలేదే!"

ఆయనతో ఎవరూ నవ్వలేదు. నవ్వు కాసేపు ఒంటరిగా సాగి, తడబడి, ఆగిపోయింది. ఆయన భార్య ముఖంలోకి చూశారు. తెర సందులోంచి వచ్చే వెలుతుర్లో మసకగా ఉన్న ఆ ముఖంలో ఏం కనపడిందో గానీ, నెమ్మదిగా ముందుకి వంగి, వట్టి చేతిని తెల్ల పలక మీద ఆనించారు. తను ఎవర్నీ ముట్టనివ్వని పలక మీద. చేతిని వెనక్కీ ముందుకీ తిప్పి కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు.

"అమ్మాయ్," అన్నారు. గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "నిజం చెప్పు. ఏ దీపం వేశావు?"

వీధిలో వ్యాను హారన్ మోగింది. కోడలి వేలు ఇంకా మీట మీదే ఉంది. ఆపేస్తే చాలు, గది మామూలు చీకటైపోతుంది, ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు.

ఆమె వేలు తీసేసింది. ఊదా దీపం అలాగే వెలుగుతోంది.

"మామయ్యా," అంది, ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంటూ.